అమెరికాలో స్టేట్ కోర్టు శిక్ష వేశాక ఫెడరల్ కోర్టులో హేబియస్ కార్పస్ (జైల్లో ఉంచడం చట్టబద్ధమేనా తేల్చమని అడిగే పిటిషన్) వేయొచ్చా?

వేయొచ్చు, కానీ ఇది ఇంకో అప్పీల్ కాదు. సాక్ష్యాలన్నీ మళ్లీ మొదట్నుంచి చూడరు, అమెరికా రాజ్యాంగానికో ఫెడరల్ చట్టానికో విరుద్ధంగా లోపల ఉంచారా అన్నదే చూస్తారు, అంటే లాయర్ సరిగ్గా వాదించకపోవడం, నిందితుడికి పనికొచ్చే సాక్ష్యాన్ని ప్రాసిక్యూటర్ దాచేయడం లాంటివి. అదీ ఆ పాయింట్లు ముందే స్టేట్ కోర్టుల్లో పైదాకా ఎత్తి ఉండాలి.

అసలు చాలామంది దెబ్బతినేది గడువు దగ్గర. 1996 చట్టం ప్రకారం మామూలుగా తీర్పు ఫైనల్ అయిన (అంటే అప్పీళ్లో, వాటి గడువో ముగిసిన) దగ్గర్నుంచి ఒక్క ఏడాదే టైమ్. అప్పీళ్లయ్యాక స్టేట్ కోర్టులోనే రూల్ ప్రకారం ఇంకో పిటిషన్ వేస్తే అది పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ ఆ ఏడాది లెక్క ఆగుతుంది, కానీ అది వేయకముందు ఊరికే పోయిన నెలలు తిరిగి రావు, అది తేలాక కొత్తగా ఏడాది మొదలవుతుందనుకుంటారు, అలా కాదు, మిగిలిన రోజులే ఉంటాయి.

2010లో హాలండ్ వర్సెస్ ఫ్లోరిడా కేసులో సుప్రీంకోర్టు, ఖైదీ తన వంతు శ్రద్ధగా ప్రయత్నించినా ఏదో అసాధారణ పరిస్థితి అడ్డొస్తే గడువు సడలించొచ్చంది, అయితే లాయర్ తేదీ తప్పు లెక్కేశాడన్న మామూలు పొరపాటు చాలదు. పైగా మరణశిక్ష కేసుల్లో తప్ప ఈ దశలో లాయర్ని ఇచ్చి తీరాలన్న హక్కు లేదు, చదువు అంతంతమాత్రంగా ఉన్న ఖైదీ కూడా తనే రాసుకోవాల్సి వస్తుంది, ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు.