ఖాతాలో రాసుకున్న ప్రేమ

విజయనగరం

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు కథలూ చదివాను. శృంగారం మోతాదు మించిందా అని భయపడుతూ అడిగావు. మించలేదు. అసలు చోటికి వచ్చేసరికి నువ్వే సిగ్గుపడి దీపం ఆర్పేశావు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ముగింపుల గురించి నీతో పేచీ పెట్టుకోవాలి.

మూడింట్లోనూ ఒక కుర్రాడికి లోకాన్ని తిరగరాసే శక్తి దొరుకుతుంది. దాంతో మనసుపడ్డ మగాణ్ణి దక్కించుకుంటాడు. రెండు పేజీలు సుఖపడతాడు. ఆఖరి పేరాలో సర్వనాశనం. జిమ్ కుర్రాడు గంటస్తంభం దగ్గర రాతిబొమ్మ అయిపోయాడు. అమ్మవారి వరం పొందినవాడు ఒక్క రాత్రిలో ముసలాడైపోయాడు. పలాస కుర్రాడు రైలు కింద పడ్డాడు. ఎందుకయ్యా? శక్తిని అడ్డదిడ్డంగా వాడినందుకా, మగాణ్ణి కోరినందుకా? చదివినవాడికి తేడా తెలీదు. అసలు నీకైనా తెలుసా అని నా అనుమానం.

మగాణ్ణి కోరినందుకు శిక్ష వెయ్యడానికి మన చుట్టూ జనం తక్కువేం లేరు. చట్టం కూడా చాలాకాలం వాళ్ల వైపే ఉండేది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్లు ఇద్దరు ఇష్టపడి కలిస్తే 377 సెక్షన్ కింద నేరం కాదని తేల్చింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. కోర్టు కొట్టేసిన శిక్షని నువ్వు ఆఖరి పేరాలో మళ్లీ అమలుచేస్తున్నావు. ఈ రకం కథలో శక్తి తిరగబడాలి, సరే, అదే దాని రుచి. కానీ దెబ్బ శక్తిని వాడిన తీరు మీద పడాలి. కోరిక మీద పడిందా, నువ్వు రాసింది మన పెదనాన్నలు చెప్పే నీతికథ అయిపోతుంది.

శక్తి తిరగబడే కథలు మనకి కొత్తా? భస్మాసురుడి పేరు వినని పిల్లాడు లేడు. జనం చెప్పుకునే కథలో మోహిని వచ్చి, నాట్యం చేస్తూ, వాడి చెయ్యి వాడి నెత్తినే పెట్టిస్తుంది. భాగవతం దశమ స్కంధం తీసి చూడు. అక్కడ రాక్షసుడి పేరు వృకాసురుడు. మోహిని లేదు. విష్ణువు బ్రహ్మచారి వేషంలో, మొలకు ముంజగడ్డి తాడు, చేతిలో దండంతో వాడికి ఎదురొస్తాడు. బాగా అలిసిపోయినట్టున్నావు, కాసేపు ఆగు, ఇంతదూరం ఎందుకొచ్చావు అని తియ్యగా పలకరిస్తాడు. శివుడి మాటకేం గాని, నీ తలమీదే చెయ్యి పెట్టి చూసుకో అంటాడు. వాడు ఆ మాటల మత్తులో పెట్టేసుకుంటాడు. దారిలో ఒక కుర్ర బ్రహ్మచారి, ఒక్క పలకరింపు. నీలాంటి కథకుడికి ఇంతకంటే ఏం కావాలి?

అందులో పనితనం చూడు. చెయ్యి పెడితే బూడిద అన్న నియమం మొదట్లోనే చెప్పేశారు. చివర్లో కొత్త నియమం ఒక్కటీ రాలేదు. అదే చెయ్యి, అదే వరం. నీ జిమ్ కథలో ఫోన్‌లో యాప్ తెరిచి ఏది టైప్ చేస్తే అది నిజమవుతుందన్నావు. ఆఖర్న "వందసార్లు వాడినవాడు రాయైపోతాడు" అని ఎక్కణ్ణుంచో ఒక షరతు ఊడిపడింది. అది తిరగబడడం కాదు, రచయిత చేతివాటం.

ఇంకో కథ చెప్తాను, ఇది నాకు మరీ ఇష్టం. భారతం ఆనుశాసనిక పర్వంలో భంగాస్వనుడని ఒక రాజు. కొడుకుల కోసం ఇంద్రుడికి గిట్టని యజ్ఞం చేసి వందమందిని కంటాడు. ఇంద్రుడికి కడుపుమంట. రాజు వేటకెళ్లి దారితప్పి ఒక చెరువులో దిగేసరికి ఆడదైపోతాడు. రాజ్యం కొడుకులకిచ్చి అడవికిపోయి, ఒక మునితో కాపురం చేసి ఇంకో వందమందిని కంటుంది. ఇంద్రుడు అప్పటికీ ఊరుకోడు. రెండు వందల మందికీ తగవు పెట్టి చంపిస్తాడు. తర్వాత మెత్తబడి, ఎవరిని బతికించమంటావంటే, ఆడదాన్నయ్యాక కన్నవాళ్లనే అంటుంది. పోనీ నిన్ను మళ్లీ మగాణ్ణి చెయ్యనా అంటే, వద్దు, సుఖం ఆడదానికే ఎక్కువ, ఇలాగే ఉంటానంటుంది. ఇంద్రుడు శిక్షనుకుని ఇచ్చింది అవతలివాడికి భోగమైంది. శక్తి ఎవరి మీద తిరగబడిందో చెప్పు! రూపం మారినవాడు సుఖంగానే ఉన్నాడు, మార్చినవాడు వెలవెలబోయాడు. నీ కథల్లో ఒక్కదాన్లోనైనా ఇలాంటి మలుపు ఉందా?

ఇక నీ పలాస కథకొస్తాను. మూడింట్లో ప్రాణమున్నది అదొక్కటే. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా ఈశ్వర్రావు ఖాతాపుస్తకంలో ఏది రాస్తే అది జరుగుతుంది. పిక్కల బస్తాలు దించే సింహాచలం మీద వాడికి మనసు. ఒకరాత్రి "సింహాచలానికి ఈశ్వర్రావు అంటే ప్రాణం" అని రాస్తాడు. తెల్లారేసరికి అంతా అయిపోయింది. సింహాచలం వచ్చి వాటేసుకున్నాడు. అక్కడితో నీకు రాయడానికేం మిగల్లేదు, అందుకే రైలు తెచ్చావు.

ఖాతా అన్నాక జమ ఉంటే ఖర్చుండాలి కదా. ఒకచోట చేర్చింది ఇంకోచోట తరగాలి. నువ్వే మొదటి పేజీలో రాశావు: పాతిక బస్తాలు అదనంగా జమ వేస్తే పక్క షెడ్డులో పాతిక మాయమయ్యాయని. ఎంత చక్కటి నియమం! రాసి, మర్చిపోయావు. బస్తా 80 కిలోలని తూకం తెలిసినవాడివి, ప్రేమ తూకం దగ్గర ఎందుకు వదిలేశావు? సింహాచలంలో ప్రేమ జమ అయితే అది ఎక్కణ్ణుంచి తరిగింది?

నేనైతే ఇలా ఆలోచిస్తాను. సింహాచలానికి అప్పటికే ఈశ్వర్రావు మీద ఇష్టముంది. ఈశ్వర్రావు లెక్కపెట్టాల్సిన బస్తాల మీద మాత్రం ఒక మూల సుద్దతో చిన్న గీత గీసేవాడు. ఈశ్వర్రావు దాన్ని చూశాడు, తూకం గుర్తనుకున్నాడు. ఖాతాలో ఆ వాక్యం రాసిన తెల్లారి నుంచి గీతలు లేవు. పాత బస్తాల మీదా లేవు. రాసిన ప్రేమ నిండడానికి అసలు ప్రేమ ఖర్చయిపోయింది. పక్కలో మనిషి ఉన్నాడు, ఏమడిగినా చేస్తాడు, ఎప్పుడూ కాదనడు. ఈశ్వర్రావుకి ఆ గీతలు గుర్తున్నాయి. సింహాచలానికి లేవు. ఆ వాక్యం కొట్టేస్తే పాతది తిరిగొస్తుందో, ఉన్నదీ పోతుందో తెలీదు. కలం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇందులో ఎవడూ చావక్కర్లేదు, ముసలాడవక్కర్లేదు.

లోకం మారినప్పుడు పాత లోకం ఎవరికి గుర్తుంటుందన్నది మొదటి పేజీ రాసేముందే తేల్చుకో. ఎవరికీ గుర్తులేకపోతే తిరగబడడమే ఉండదు, ఎందుకంటే నష్టం తెలిసినవాడే లేడు. అందరికీ గుర్తుంటే అది మాయ కాదు, తగాదా. ఒక్కడికే గుర్తుండడంలో ఒంటరితనముంది. మన బతుకులో సగం అదే కాబట్టి దాన్ని నువ్వు బాగా రాయగలవు.

దీనికి అంటుకున్నదే ఇంకో మాట. మనసు మార్చి తెచ్చుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. ఈ రకం కథలు రాసేవాళ్లలో చాలామంది ఆ ఒక్క విషయం మీంచి దాటేస్తారు. మంత్రం వేశారు, అవతలివాడు మీదపడ్డాడు, ఇంకేముంది పదండి పక్కమీదికి. ఊహ కదా, ఊహలో ఏదైనా చెల్లుతుంది అంటారు. చెల్లుతుంది, నేనేం పోలీసుని కాను. కానీ కథకి తెలిసుండాలి. ఈశ్వర్రావుకి తెలియకపోయినా, రాస్తున్న నీకు తెలుసునని చదివేవాడికి అనుమానమైనా రావాలి. అదీగాక, కాదనలేనివాడితో శృంగారం చప్పగా ఉంటుంది. అవతలివాడు ఔనంటాడో కాదంటాడో తెలియని ఆ క్షణంలోనే వేడంతా ఉంది. శక్తి ముందు చంపేది ఆ క్షణాన్నే. కాబట్టి నీ కథలో అతి వేడిగా ఉండాల్సిన పేజీ ఖాతాలో రాయకముందుది.

దీపం ఆర్పేయడం గురించి చెప్తానన్నాను కదా. జీడి సొన తగిలి వేళ్ల చర్మం నల్లబడి పొక్కి ఊడుతుందని నీకు తెలుసు. సింహాచలం చేతులు అలాంటివి. ఆ చేతులు మొదటిసారి ఒంటిమీద పడితే ఎలా ఉంటుంది? గరుకుగా, కొంచెం మంటగా, కాల్చిన పిక్కల వాసనతో. నువ్వు మాత్రం "బలమైన బాహువులు", "కామాగ్ని జ్వాలలు" అని రాశావు. గోడమీద బూతుకీ పద్యాల్లో సంస్కృతానికీ మధ్య మనుషులు పక్కమీద నిజంగా మాట్లాడుకునే తెలుగొకటుంది, అది తెచ్చుకో. అంగాల పేర్లు ఎన్ని రాశావన్నదాంతో వేడి పుట్టదు. చొక్కా గుండీ దగ్గర ఆగిన చెయ్యి ఎంతసేపు ఆగిందో రాయి. ఆపైన పూర్తిగానే రాయి, తలుపెయ్యకు. పాఠకుడు అందుకే వచ్చాడు.

మన వైపు మాటలో నీకో వరముంది, దాన్నీ వాడుకోలేదు. శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా మగాళ్లు ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటూ నడిబజార్లో ఎంత సరసమైనా ఆడతారు. భుజం మీద చెయ్యేస్తారు, తొడమీద చరుస్తారు, "ఏటి బావా, రాత్రి కలలోకి రానేదేటి?" అంటారు. ఎవడూ తిరిగి చూడడు. ఆ సరసం ఎక్కడ ఆగుతుందో, ఒకడికి మాత్రం ఎక్కడ ఆగదో, ఆ గీత మీదే కథ నడుస్తుంది. నీ సింహాచలం పుస్తకాల భాషలో "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నాడు. పలాసలో బస్తాలు మోసేవాడు అలా అనడు. తూర్పు భాగోతం దొరికితే ఒక రాత్రి కూర్చుని చూడు. మగాడు సత్యభామ కట్టి జడ పట్టుకుని తిప్పుతుంటే ఎదురుగా కూర్చున్న మగాళ్ల మొహాలు గమనించు. ఇంకో కథ అక్కడే దొరకొచ్చు.

అమ్మవారి వరం కథ పక్కన పెట్టెయ్. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే వీధిలో అలాంటి వరం పుట్టించావు. నాకేం అభ్యంతరం లేదు గానీ, చదివేవాడు కథ వదిలేసి నీతో దెబ్బలాటకి దిగుతాడు. శక్తికి ఖాతాపుస్తకం చాలు, తాళంచెవి చాలు. పాత్రలందరూ ఇరవై దాటినవాళ్లని కథలోనే తెలియాలి. జిమ్ కథలో కుర్రాడి వయసు ఎక్కడా లేదు. కాలేజీ అన్నావు, ఇంటరో డిగ్రీయో చెప్పలేదు. ఈ విషయంలో నాకు నవ్వులాట లేదు, వయసు తేలని పాత్ర ఉంటే ఆ కథ నాకు పంపకు. ఆ కాలేజీ అసలు పేరు కూడా తీసెయ్.

అచ్చులోనైనా ఫోన్లోనైనా బయటపెట్టేముందు ఇంకోటి తెలుసుకో. అశ్లీలాన్ని ఎలక్ట్రానిక్‌గా ప్రచురిస్తే ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. ఏది అశ్లీలం, ఏది సాహిత్యం అన్నది చూసేవాణ్ణి బట్టి మారుతుంటుంది. తంజావూరు కొలువులో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చువేయిస్తే తెల్లవాళ్ల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి కావాల్సివచ్చింది. కలం పేరు పెట్టుకో, ఇంట్లోవాళ్లు వాడే ఫోన్లో రాయకు, పాఠకుడికి ఇది పెద్దవాళ్ల కథని పైనే చెప్పు. అంతకుమించి భయపడకు.

జిమ్ కథ నాకొద్దు. పలాసది మళ్లీ రాయి. రైలు తీసెయ్, సుద్దగీతలు పెడతావో ఇంకేం పెడతావో నీ ఇష్టం. ఈశ్వర్రావు ఆ వాక్యం కొట్టేస్తాడా లేదా అన్నది మాత్రం నాకు ముందే చెప్పకు. దసరా లోపు పంపితే పండగ సెలవుల్లో కూర్చుని చదువుతాను.

నీ
అన్న