రోజూ తాగేవాళ్లు మందు ఒక్కసారిగా మానేయొచ్చా?

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి డాక్టర్‌కి చూపించుకోకుండా ఒక్కసారిగా మానేయకూడదు, ప్రాణం మీదకు రావొచ్చు. మందు మెదడును మందగింపజేస్తుంటే దాన్ని తట్టుకోడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది, మందు ఆగగానే ఆ వేగానికి పగ్గం ఉండదు. అయ్యప్ప మాల కోసం మానేసిన మనిషినే తీసుకోండి: మర్నాటికి టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణకొచ్చు, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు, మూడో రోజుకి ఎదురుగా లేని మనుషులతో మాట్లాడొచ్చు. గాలి సోకిందనో దీక్షలో తప్పు జరిగిందనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కాదు, అది విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు ఆగడంతో ఒంట్లో వచ్చే ఇబ్బంది, ఆస్పత్రిలో మందులతో తగ్గేదే. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి, ఎక్కడికెళ్లాలో తోచకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి.