స్కాట్లాండ్ నుసుములకు మన దోమల క్రీము ఆగుతుందా?

పురుగూ పుట్రా – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. జూలై చివర్లో నేనూ మావారూ మొదటిసారి వెళ్తున్నాం. వెళ్లిన వారానికే గ్లెన్‌కో, స్కై దీవి అంటూ అయిదు రోజుల ట్రిప్పు పెట్టాడు. అందులో రెండు రాత్రులు టెంటులోనట! అక్కడ ‘మిడ్జ్’ అనే పురుగులు పీక్కుతింటాయని కోడలు ఇప్పట్నుంచే భయపెడుతోంది. ఇక్కణ్నుంచి నాలుగు ఓడోమాస్ ట్యూబులు పట్టుకెళ్దామనుకుంటున్నాను. పక్కింటావిడేమో కొబ్బరినూనెలో నీలగిరి తైలం కలిపి రాసుకుంటే చాలంటోంది. మనవడికి నాలుగేళ్లు. మావారికి షుగరు. ఏం వాడమంటారు? నాకైతే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఒక సవరణ. నేను డాక్టర్ని కాను. మలేరియా విభాగంలో చేరి, సగం సర్వీసు పాడేరు ఏజెన్సీలో కొండవాగుల వెంట దోమ పిల్లల్ని లెక్కపెడుతూ గడిపి రిటైరైన వాణ్ని. మందుల సంగతి మీ డాక్టరుగారిని అడగండి. పురుగుల సంగతి మాత్రం నన్ను అడగొచ్చు. పైగా మీరు వెళ్లబోయే చోటే నాకు శాస్తి జరిగింది.

2019 ఆగస్టు. మా అమ్మాయి, అల్లుడు అప్పుడు ఇన్వర్‌నెస్‌లో ఉండేవారు. స్కై దీవిలో స్లిగాహన్ అనే చోట పాత రాతి వంతెన ఉంది. వెనకాల నల్లగా కూలిన్ కొండలు, కింద ఏరు. అంతవరకూ చినుకులు పడి వెలిశాయి. గాలి కూడా ఆగింది. వంతెన మీద నిలబడి ఫొటో తీయించుకుందామని నల్ల స్వెటర్ సర్దుకుంటున్నాను. “మామయ్యగారూ, చెవులకి కూడా రాసుకోండి” అన్నాడు అల్లుడు. దోమలతో నలభై ఏళ్లు కాపురం చేసినవాడికి చెవులకి రాసుకోమని చెప్తావా అని మనసులో నవ్వుకున్నాను. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న దోమల క్రీము చేతులకీ పాదాలకీ పట్టించి ఉన్నాను కదా!

మొదట మెడ మీద బూడిద రాలినట్టనిపించింది. తర్వాత చెవి వెనక, కళ్లజోడు కాడల కింద, జుట్టు మొదళ్లలో సన్నగా నిప్పురవ్వలు. చెయ్యి ఎత్తి చూసుకుంటే మిరియాల పొడి చల్లినట్టు ఉంది. పది నిమిషాల్లో కారులోకి పరుగెత్తాను. మా ఆవిడ చీర కొంగు తలమీద కప్పుకుని, మొహం చుట్టూ బిగించి, నింపాదిగా వచ్చింది. ఆవిడకి పడ్డవి మూడో నాలుగో. నాకు ఒక్క నుదుటి మీదే ఇరవై రెండు. లెక్కపెట్టింది ఆవిడే, ఇప్పటికీ చెప్పేదీ ఆవిడే.

తప్పు క్రీముది కాదు, నాది. దోమకి పనికొచ్చే తెలివి నుసుముకి వాడాను.

మనవైపు కళ్ల ముందు ఆడే నుసుములుంటాయే, చూపుకి అలాగే ఉంటుంది ఈ మిడ్జ్. రెక్క పొడవు మిల్లీమీటరున్నర లోపే. దోమలాగే దీనిలోనూ ఆడదే కుడుతుంది, గుడ్ల కోసం. తేడా నోట్లో ఉంది. దోమది సూది, పల్చటి బట్టలోంచి కూడా దిగుతుంది. దీనిది కత్తెర. చర్మాన్ని కోసి, ఊరిన నెత్తురు పీలుస్తుంది. బట్ట మీంచి కొయ్యలేదు. అందుకే జుట్టు, చెవులు, మెడ, మణికట్టు, ఎక్కడ చర్మం కనిపిస్తే అక్కడికి పాక్కుంటూ పోతుంది. రాసుకునే మందు ఏదైనా పురుగుని చంపదమ్మా. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, చెమట వాసన పట్టుకుని అది వస్తుంది. దగ్గరికొచ్చాక వాలకుండా మందు దాన్ని తికమక పెడుతుంది, అంతే. రెండంగుళాలు రాయకుండా వదిలేస్తే ఆ రెండంగుళాలే దానికి విందు.

ఇక ఏది కొనాలి? డబ్బా మీద బొమ్మా, వాసనా, ‘సహజం’ అన్న మాటా చూడకండి. వెనక్కి తిప్పి సన్న అక్షరాల్లో మందు పేరు, శాతం చదవండి. అక్కడి మందుల షాపుల్లోనే కాదు, ఆ కొండదారుల్లో పెట్రోలు బంకుల్లో కూడా ఇవి అమ్ముతారు.

మీ ఇంటిల్లిపాదికీ నేను చెప్పేది ఇకారిడిన్, 20 శాతం. పికారిడిన్ అన్నా ఇదే. జిడ్డుండదు, వాసన తక్కువ, ప్లాస్టిక్కుని పాడుచెయ్యదు. స్కాట్లాండులో ‘స్మిడ్జ్’ అనే పేరుతో దొరికేదాంట్లో ఉన్నది కూడా ఇదే. సీసా మీద ఎన్ని గంటలని రాసినా చెమటపట్టినా, తడిసినా, తువ్వాలుతో తుడుచుకున్నా మళ్లీ రాసుకోవాలి. అక్కడ తడవని రోజు తక్కువ.

రెండోది డీట్. అమెరికా సైన్యం కోసం 1946లో తయారైంది. ఇన్నేళ్లయినా దీన్ని తోసిపుచ్చే మందు రాలేదు. 20 శాతానికి తగ్గింది వద్దు, 50 దాటింది దండగ. 50 దాటాక ఖరీదు పెరుగుతుంది కానీ పనిచేసే సమయం పెద్దగా పెరగదు. అయితే ఇది ప్లాస్టిక్కుని కరిగిస్తుంది. స్లిగాహన్ దెబ్బ తర్వాత కసికొద్దీ 50 శాతం డీట్ కొని పట్టించాను. మర్నాటికి నా గడియారం ప్లాస్టిక్ పట్టీ బంకబంకగా తయారై చేతికి అంటుకుపోయింది. కళ్లజోడు ఫ్రేము, నెయిల్ పాలిష్, రేయాన్ బట్టలు కూడా జాగ్రత్త.

మీరు తీసుకెళ్దామనుకుంటున్న ఓడోమాస్‌లో ఉన్నది ఎన్,ఎన్-డైఇథైల్ బెంజమైడ్, 12 శాతం. డీట్‌కి పినతల్లి కూతురనుకోండి. మన వరండాలో సాయంత్రం దోమలకి మంచిదే. అయిదు రోజులు ఆరుబయట తిరగడానికి మాత్రం అక్కడ 20 శాతం సరుకు కొనుక్కోండి. ట్యూబుల బరువు తగ్గితే ఇంకో గోంగూర పచ్చడి సీసా పడుతుంది.

పక్కింటావిడ చెప్పిన నీలగిరి తైలం దగ్గర చిన్న చిక్కుంది. ‘లెమన్ యూకలిప్టస్’ అని అక్కడి సీసాల మీద కనిపిస్తుంది. దాంట్లో పనిచేసేది పీఎండీ అనే పదార్థం. నిమ్మవాసన వచ్చే యూకలిప్టస్ ఆకు నూనెను శుద్ధి చేసి తీస్తారు. అది నిజంగానే పనిచేస్తుంది, మూడేళ్ల లోపు పిల్లలకి మాత్రం రాయకూడదు. మనం జలుబుకి పీల్చే నీలగిరి తైలం వేరే చెట్టుది. అందులో పీఎండీ ఉండదు. దాన్ని ఎంత కొబ్బరినూనెలో కలిపినా ఒళ్లు కమ్మగా వాసనొస్తుంది, నుసుములు వాటి పని అవి చేసుకుపోతాయి. నిమ్మగడ్డి నూనెలు, సిట్రోనెల్లా కూడా గంటో, ఆపైన కాసేపో. ఆవిడ నొచ్చుకోకుండా చెప్పండి.

పిల్లాడికి మీరే అరచేతిలో వేసుకుని రాయండి. వాడి చేతులకి, కళ్ల చుట్టూ, నోటి దగ్గర వద్దు, ఎందుకంటే ఆ చెయ్యి నేరుగా నోట్లోకి పోతుంది. సన్‌స్క్రీన్ రాస్తే అది ముందు, ఆరాక ఇది. రాత్రి పడుకోబోయే ముందు సబ్బుతో కడిగేయండి.

ఇప్పటిదాకా మందుల గురించే చెప్పాను కానీ, నన్నడిగితే మిడ్జ్ దగ్గర మందుది రెండో స్థానం. మొదటిది గాలి. గంటకు పది పదకొండు కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఇవి ఎగరలేవు. గడ్డిలో నక్కి కూర్చుంటాయి. అందుకే అక్కడివాళ్లు టెంటు వేసేటప్పుడు గాలి తగిలే మిట్ట చూసుకుంటారు. మన అలవాటు చెట్టు నీడ, నీటి ఒడ్డు. సరిగ్గా అక్కడే వీటి కాపురం. మీ అబ్బాయితో ముందే చెప్పండి. పొద్దున్నే, సాయంత్రం, మబ్బు పట్టి గాలి లేని రోజున ఏ వేళయినా వస్తాయి. ఎండ కాస్తే తగ్గుతాయి. నడుస్తుంటే పర్వాలేదు, ఆగితే పట్టుకుంటాయి. వానకి సూచన చెప్పినట్టే మిడ్జ్‌లకీ అక్కడ ఒకటి నుంచి అయిదు వరకు అంకెలతో సూచన ఇస్తారు. నాలుగు, అయిదు ఉన్న ఊళ్లో ఆ రాత్రి టెంటు వద్దు, గది తీసుకోమనండి.

రెండోసారి వెళ్లినప్పుడు నేను లేత రంగు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, టోపీ మీంచి తలకి వల కప్పుకున్నాను. ఆ వల అక్కడే కొన్నాను. మన దోమతెర గుడ్డ తెచ్చుకుందామనుకునేరు, దాని కన్నాల్లోంచి ఇవి వరసకట్టి లోపలికొస్తాయి. మిడ్జ్ వల అని అడిగితే సన్న అల్లికది ఇస్తారు. పెళ్లికూతురు మేలిముసుగులా ఉన్నారని మా అమ్మాయి నవ్వింది. నవ్వితే నవ్వింది.

మా డిపార్టుమెంటు బుద్ధితో నాకు ముందు వచ్చిన ఆలోచన, ఎక్కడ పుడతాయో అక్కడే చంపలేమా అని. దోమకైతే నిలవనీళ్లు పారబోస్తాం, కాల్వ తీస్తాం, నూనె చల్లుతాం. ఇవి పెరిగేది కొండల నిండా పరుచుకున్న తడి నేలలో, నాచులో, రెల్లులాంటి గడ్డి మొదళ్లలో. ఒక తొట్టి కాదు, గుంట కాదు, జిల్లాకి జిల్లా. ఏ స్ప్రే గ్యాంగు చాలుతుంది చెప్పండి? అక్కడివాళ్లు సర్దుకుని బతుకుతున్నది అందుకే.

మీ టెన్షన్ తగ్గే మాట ఒకటుంది. స్కాట్లాండ్ మిడ్జ్ వల్ల మనుషులకి ఏ జబ్బూ రాదు. దురదే. కానీ మీవారికి షుగరుందన్నారు కాబట్టి గోకుడు పనికిరాదు. గోళ్లు కత్తిరించుకుని వెళ్లమనండి. దురద మాత్ర ఏది పడుతుందో ఆయన డాక్టరుగారిని అడిగి ఇక్కడే కొనుక్కోండి. కుట్టినచోట తడిగుడ్డ వెయ్యండి. ఎరుపు పాకుతూ, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం ట్రిప్పు పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి.

కోడలు మిడ్జ్‌ల గురించే భయపెట్టింది. నాకు భయం గోమార్లంటే. పశువులకి, కుక్కలకి పట్టేవే. మీవైపు పిడుదులంటారేమో. అక్కడి గడ్డిలో నడిస్తే కాలికెక్కుతాయి, కుట్టినట్టు తెలియదు. వీటిలో కొన్ని లైమ్ అనే జబ్బు మోస్తాయి. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవాలి. ఇకారిడిన్, డీట్ వీటి మీదా పనిచేస్తాయి. రాత్రి మోకాలి వెనక, నడుము దగ్గర, గజ్జల్లో, పిల్లాడి జుట్టు మొదళ్లలో వెతకండి. కనిపిస్తే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగెయ్యాలి. కిరసనాయిలు పొయ్యడం, వేడి పెట్టడం లాంటి మన ఊరి విద్యలు వద్దు. కుట్టినచోట మూడు నుంచి ముప్ఫై రోజుల్లోపు ఎర్రటి మచ్చ వలయంలా పెద్దదవుతుంటే యాంటీబయాటిక్ వాడాలి. మీరు అప్పటికి హనుమకొండ వచ్చేసి ఉండొచ్చు. అక్కడి డాక్టరుకి తామరలా కనిపించవచ్చు. స్కాట్లాండ్ గడ్డిలో తిరిగొచ్చామని మీరే నోరు తెరిచి చెప్పండి.

ఇంకా జోరీగలున్నాయి. వాళ్లు క్లెగ్ అంటారు. ఇవి చూపుతో వస్తాయి కాబట్టి మందుని అంతగా లెక్కచెయ్యవు. మందపాటి ప్యాంటు, చేతిలో తువ్వాలు.

ప్రశ్న: సార్, ఈ మిడ్జ్‌లే మా గొర్రెలకి నీలినాలుక తెస్తాయని పశువైద్యుడు చెప్పారు. నిజమేనా? మేం కూడా ఆ క్రీము రాసుకోవాలా?
– గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: నిజమే తమ్ముడూ. స్కాట్లాండువీ మనవీ ఒకే కులం, క్యులికాయిడిస్. జాతులు వేరు. మనవైపు వానలు మొదలయ్యాక పేడ కలిసిన తడి మట్టిలో పెరిగి, రాత్రిపూట గొర్రెల్ని కుడతాయి. ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకి జబ్బు మోసేది ఇవే, పక్కపక్కన నిలబడ్డంత మాత్రాన రాదు. మనుషులకీ రాదు, కాబట్టి దాని కోసం నువ్వు క్రీము రాసుకోనక్కర్లేదు. వానలకి ముందే టీకా వేయించు. పొద్దుగూకాక మందని చెరువు పల్లంలో, బురదలో ఆపకు, మిట్టకి తోలు. దొడ్లో పేడా మూత్రం నిలవ ఉండనివ్వకు. వేపాకు పొగ వేస్తే పొగ ఉన్నంతసేపు కొంత మేలు. మూతి వాచి, చొంగ కారుతూ, కుంటుతున్న జీవాన్ని వేరు చేసి పశువైద్యుడికి చూపించు.

ప్రశ్న: అంకుల్, దోమల్ని తరిమే చేతి పట్టీ, చెవికి వినిపించని శబ్దం చేసే మొబైల్ యాప్, రెండిట్లో ఏది బెటర్? పక్కవారం అరకు వెళ్తున్నాం.
– ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పట్టీ కట్టుకున్న చోట రెండంగుళాల మేర వాసనొస్తుంది. యాప్ వల్ల బ్యాటరీ అయిపోతుంది. దోమకి రెండూ పట్టవు. అరకు మలేరియా ఉన్న ప్రాంతం నాయనా, నేను తిరిగిన కొండలే. డీట్ గానీ ఇకారిడిన్ గానీ 20 శాతంది కొనుక్కో, రాత్రి దోమతెరలో పడుకో. తిరిగొచ్చాక నెలలోపు చలిజ్వరం వస్తే నెత్తురు పరీక్ష చేయించుకో. బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ తినడం మర్చిపోకు.