వైఫై లేని ఇంట్లో కొత్త టాబ్లెట్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి చదువు కోసం ఈమధ్య ఒక ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొన్నాం. సిమ్ పెట్టుకునే వీలు లేదు, వైఫైతో మాత్రమే పనిచేసే రకం. మాది పాడేరు దగ్గర పల్లె. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, నా ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్ ఉంది. టాబ్లెట్ ఆన్ చేస్తే వైఫై అడిగే తెర దగ్గరే ఆగిపోయింది. వైఫై ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్లక తప్పదా?

జవాబు: తీసుకెళ్లనవసరం లేదు. టాబ్లెట్ అడిగే వైఫై గోడకు బిగించిన రూటర్ నుంచే రావాలని ఏమీ లేదు. మీ ఫోన్‌లోని మొబైల్ డేటాను హాట్‌స్పాట్ ద్వారా పంచితే దానినీ మామూలు వైఫైగానే తీసుకుంటుంది. అయితే మీకు అసలు చిక్కు కనెక్షన్ దొరకడంలో లేదు, దొరికిన మరుక్షణం టాబ్లెట్ చేసే పనిలో ఉంది. తయారై నెలల తరబడి పెట్టెలో ఉన్న పరికరం, ఇంటర్నెట్ అందగానే సిస్టమ్ అప్‌డేట్‌నూ, కంపెనీ ముందే వేసి పంపిన యాప్‌ల కొత్త వెర్షన్లనూ దించుకోవడం మొదలుపెడుతుంది. అన్నీ కలిసి ఒక్కోసారి 2 జీబీ కూడా దాటిపోతాయి. రోజువారీ డేటా అయిపోయాక వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది కాబట్టి, మీరు గూగుల్ ఖాతాలోకి వెళ్లే సమయానికి ఆ పేజీ కూడా తెరుచుకోకపోవచ్చు. అందుకే ముందు ఇంటర్నెట్ లేకుండానే సెటప్ ముగించి, ఈ డౌన్‌లోడ్‌లకు కళ్లెం వేసి, ఆ తర్వాతే హాట్‌స్పాట్ కలపమని నా సలహా.

వైఫై పేర్లు చూపించే తెరలో కింది వైపు ‘ఆఫ్‌లైన్‌లో సెటప్ చేయండి’ అనో, ‘స్కిప్’ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని తాకితే, ఇలా చేస్తే ఖాతా, బ్యాకప్, అప్‌డేట్‌లు అందవని ఒక హెచ్చరిక వస్తుంది. భయపడకుండా ముందుకు సాగండి. అవన్నీ తర్వాత సెట్టింగ్స్‌లో దొరికేవే. పాత ఫోన్‌లోని సమాచారాన్ని కాపీ చేసుకునే దశ మాత్రం ఇప్పుడు తప్పిపోతుంది, పిల్లవాడి చదువుకు కొన్న టాబ్లెట్‌కు అది పెద్ద లోటు కాదు. తర్వాతి తెరలో తేదీ, సమయం అడిగితే తొందరపడి వదిలేయకండి. సిమ్ లేని టాబ్లెట్‌కు టవర్ నుంచి సమయం అందదు, తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి, ఇంటర్నెట్ ఉన్నా పేజీలు తెరుచుకోవు. ఇంటర్నెట్ పనిచేయడం లేదని ఫోన్‌నూ సిమ్‌నూ తిట్టుకునేవారిలో కొందరి అసలు సమస్య ఇదే.

హోమ్ స్క్రీన్ వచ్చాక సెట్టింగ్స్‌లో రెండు పనులు చేయండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ విభాగంలో ‘వైఫైలో ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్’ అనేది ఉంటే ఆపేయండి. నెట్‌వర్క్ విభాగంలో డేటా సేవర్ ఆన్ చేయండి. ఇప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి టాబ్లెట్‌ను కలపండి. కలిసిన వెంటనే ఆ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గుర్తును తాకి, దానిని ‘మీటర్డ్’గా, అంటే డేటాకు పరిమితి ఉన్న నెట్‌వర్క్‌గా గుర్తించమని చెప్పండి. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే టాబ్లెట్ తనంతట తానే అలా గుర్తించవచ్చు, అయినా ఒకసారి కళ్లారా చూసుకోవడం మేలు. ఈ ఒక్క మార్పుతో వెనకాల సాగే డౌన్‌లోడ్‌లు చాలావరకు ఆగుతాయి. ఆ తర్వాత గూగుల్ ఖాతా చేర్చి, ప్లే స్టోర్‌లో నెట్‌వర్క్ ప్రాధాన్యాల కింద యాప్‌ల ఆటో అప్‌డేట్‌ను ఆపేసి, చదువుకు కావలసిన రెండు మూడు యాప్‌లు మాత్రం వేసుకోండి.

టాబ్లెట్‌లో మీ హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే ఫోన్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే ఆ రేడియో తరంగాల శ్రేణిలో, ప్రసారం చేస్తోందేమో చూడండి. తక్కువ ధర టాబ్లెట్లు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకోగలవు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మారిస్తే పేరు కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే మరో ఇబ్బంది ఉంది. డేటా ఒక సిమ్‌లో ఉండి రెండో సిమ్‌కు కాల్ వస్తే, చాలా ఫోన్లలో మాట్లాడుతున్నంతసేపూ డేటా నిలిచిపోతుంది, సరిగ్గా ఖాతా చేర్చే సమయంలో అలా జరిగితే మళ్లీ మొదటికి వస్తుంది. కాసేపు రెండో సిమ్‌ను ఆపి ఉంచండి.

సిస్టమ్ అప్‌డేట్‌ను మాత్రం శాశ్వతంగా వాయిదా వేయకండి, భద్రతా లోపాలను సరిచేసేది అదే. దాని పరిమాణం డౌన్‌లోడ్‌కు ముందే తెర మీద కనిపిస్తుంది. మీ రోజువారీ కోటాలో పట్టేదైతే, అర్ధరాత్రి 12 దాటి కొత్త కోటా మొదలయ్యాక చేసుకోవచ్చు. పట్టకపోతే ఒక్కసారికి అదనపు డేటా ప్యాక్ వేసుకోండి, లేదా ఆ పని కోసం మాత్రం బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు టాబ్లెట్ వెంట తీసుకెళ్లండి. రైల్వే స్టేషన్ వైఫైలో చేసుకోవచ్చని కొందరు చెబుతారు కానీ, అక్కడ ఫోన్ నంబర్, ఓటీపీ అడిగే పేజీ సెటప్ తెరల మధ్య సరిగా తెరుచుకోకపోవచ్చు. మొదటి సెటప్‌కు అది అనువైన చోటు కాదు.

ప్రశ్న: ఐప్యాడ్‌కు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదు. ఐప్యాడ్‌ను మొదటిసారి వాడే ముందు అది ఆపిల్ సర్వర్లతో మాట్లాడి యాక్టివేట్ కావాలి, ఆ దశను దాటవేసే దారి లేదు. అయితే అందుకూ ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. ఐఫోన్ 12 లేదా ఆ తర్వాతి మోడల్ నుంచి పంచుతూ ఐప్యాడ్‌కు అందకపోతే, పర్సనల్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ‘మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయండి. యాక్టివేషన్ అయ్యాక వైఫై పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తును తాకి లో డేటా మోడ్ పెట్టుకుంటే డేటా ఖర్చు తగ్గుతుంది. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి యాక్టివేట్ చేయడం ఇంకో మార్గం.

ప్రశ్న: తెలిసినవారి దగ్గర పాత ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొని రీసెట్ చేశాను. ఇప్పుడు ఇంటర్నెట్ లేకుండా ముందుకు పోనివ్వడం లేదు, స్కిప్ అనేదే కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ టాబ్లెట్‌లో పాత యజమాని గూగుల్ ఖాతా ఇంకా ముడిపడి ఉంది. దొంగిలించిన పరికరాన్ని రీసెట్ చేసి వాడుకోకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి గూగుల్ ఈ రక్షణను తెచ్చింది. హాట్‌స్పాట్ కలిపినా అది ఆ పాత ఖాతానో, పాత స్క్రీన్ లాక్‌నో అడుగుతుంది. అమ్మినవారు మీకు తెలిసినవారే కాబట్టి, వారిని పిలిచి వారి చేతే ఒకసారి ఖాతాలోకి వెళ్లించి, సెట్టింగ్స్‌లో ఆ ఖాతాను తొలగించాకే మళ్లీ రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో చెప్పించుకోవడం వద్దు. ఈ తాళాన్ని తప్పిస్తామంటూ వీడియోల్లో ఇచ్చే సాఫ్ట్‌వేర్లను అసలు ముట్టుకోకండి.