‘అన్నారు’కీ ‘అన్నాడు’కీ మధ్య

పర్లాకిమిడి

తమ్ముడూ,

గ్రామసభ మీద నువ్వు రాసిన వార్త చదివాను. తిట్టు ఒక్కటీ లేదు గానీ సగం మందిని చిన్నబుచ్చింది. తహసీల్దారు ‘వివరించారు’, ఎమ్మెల్యే ‘హామీ ఇచ్చారు’, పోడు రైతు మాత్రం ‘వాపోయాడు’, ఆయన భార్య ‘గోడు వెళ్లబోసుకుంది’. వయసు చూస్తే ఆ నలుగురిలో రైతే పెద్ద!

ఇంకోసారి చదువుతూ ప్రతి మనిషి కిందా గీత గీయి. పక్కనే వాళ్లకు వాడిన క్రియ రాసుకో. అందరికీ ‘రు’ పెట్టు, ‘చెప్పారు’ చాలు. ‘గారు’ అక్కర్లేదు, వార్త సాగిపోతుంది. నిందితుడికీ ‘రు’ ఏమిటని డెస్కులో అడుగుతారు. అడగనీ. నేరం తేల్చాల్సింది కోర్టు.

యాస సంగతీ అంతే. రైతు మాటను ఒడియా కలిసిన మన యాసలో దించావు, ఎమ్మెల్యే మాటకు పుస్తకాల తెలుగు తొడిగావు. ఆయనదీ ఈ ప్రాంతమే కదా. ఉంచితే ఇద్దరికీ ఉంచు, దిద్దితే ఇద్దరికీ దిద్దు.

‘అమాయక గిరిజనులు’ కొట్టెయ్. సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో నియమగిరి బాక్సైట్ గని మీద రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ వద్దన్నాయి. అలా తేల్చి చెప్పిన గిరిజనుల్ని అమాయకులని రాస్తే, వెనక ఎవరో ఉండి అనిపించారని చదివేవాళ్లకు తోస్తుంది. తెగ పేరేమిటో వాళ్లనే అడుగు. ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర తెగ భాష నేర్చుకుని 1931 నాటికే దాని వ్యాకరణం వెలువరించారు. మనవాళ్లు ఇంకా ‘కొండోళ్లు’ దగ్గరే ఉన్నారు.

నాయకుల నోటి దురుసు కాస్త చిక్కు వ్యవహారం. ‘గాజులు తొడుక్కో’ అని ప్రత్యర్థిని అన్నా, దెబ్బ తగిలేది ఆడవాళ్లకే. దాన్ని శీర్షికకి ఎక్కిస్తే మనమూ ఆ మాట అన్నట్టే. ‘అనుచితంగా మాట్లాడారు’ అని సరిపెడితే నాయకుడు తప్పించుకుంటాడు. అందుకే లోపల ఒక్కసారి, ఎవరు ఎవర్ని అన్నారో కలిపి రాయి. కులం తిట్టయితే అదీ వద్దు, కులం పేరుతో దూషించారని చాలు. దళితుల్ని, గిరిజనుల్ని ఇతరులు పదిమందిలో అలా తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎస్). ఎక్కడ అన్నారు, ఎవరు విన్నారు అన్నదాని మీదే కేసు నిలుస్తుంది. నీ నోటుపుస్తకంలో అవి తప్పక ఉండాలి.

దిద్ది పంపు. సభకు ఎంతమంది వచ్చారో రాయలేదు, అదీ చేర్చు.

మీ అన్నయ్య