అటకెక్కిన పిల్లిని దించకండి, కుక్కపిల్లకు తాడు కట్టండి

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ల మగపిల్లి ఉంది. వారం కిందట రెండు నెలల కుక్కపిల్లను తెచ్చాం. అది ఆడుకుందామని మీదికి దూకుతోంది. పిల్లి బుసకొట్టి అటకెక్కేస్తోంది, తిండికి కూడా సరిగా దిగడం లేదు. రెండూ కలిసి ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక రైతు

జవాబు: ముందు తిండి సంగతి చూడండి. ఈ రోజే అటక మీద పిల్లికి తిండి, నీళ్లు పెట్టండి. రోజంతా ఏమీ ముట్టకపోతే పశువైద్యునికి చూపించాలి. పస్తుంటే పిల్లుల కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. మగపిల్లి మూత్రానికి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే గంటలు కూడా ఆగకండి, అది ప్రాణాల మీదికి వస్తుంది. పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక తొట్టె కుక్కపిల్లకు అందని చోట ఉంచండి.

జరిగిన వారాన్ని వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. రెండింటినీ వేరు గదుల్లో ఉంచి, పొడిగుడ్డతో పిల్లి బుగ్గలు రుద్ది, ఆ గుడ్డను కుక్కపిల్ల పడుకునే చోట వేయండి. కుక్కపిల్ల ఒంటికి రుద్దిన గుడ్డను పిల్లి తినే గిన్నెకు కాస్త ఎడంగా పెట్టండి. ఆ వాసన ఉన్నా పిల్లి మామూలుగా తింటుంటే, మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టండి. మొదట రెండు మీటర్ల దూరంలో పెట్టి, రోజూ కొంచెం దగ్గరికి జరపండి.

ఎదురెదురుగా చూపించేది ఆ తర్వాతే. కుక్కపిల్లను బాగా ఆడించి, అలిశాక ఒకటిన్నర మీటర్ల తాడుతో పట్టుకోండి. ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. పిల్లిని చేతుల్లో పట్టుకుని చూపించకండి, బెదిరితే మిమ్మల్నే రక్కుతుంది. కుక్కపిల్ల పిల్లిని చూసి మీవైపు తల తిప్పిన క్షణంలోనే చిన్న తినుబండారం ఇవ్వండి. ఒళ్లు బిగించి, రెప్పవేయకుండా చూస్తుంటే అది ఆట కాదు, వేటబుద్ధి. వెంటనే దూరంగా తీసుకెళ్లండి.

చాలా ఇళ్లలో చెడిపోయేది ఒక్క పరుగుతోనే. పిల్లి పరుగెత్తితే కుక్కపిల్ల తరుముతుంది, అందులో సరదా రుచి చూస్తే మాన్పించడం కష్టం. కాబట్టి పిల్లి భయం లేకుండా దాని ముందు నుంచి నడిచి వెళ్లేదాకా తాడు విప్పొద్దు. ఇందుకు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చు. కుక్కపిల్లలు 14 వారాల లోపు కొత్త జీవాలకు తేలిగ్గా అలవాటు పడతాయి. పిల్లికి ఆ ఈడు ఏడు వారాలకే దాటిపోతుంది, అందుకే దాన్ని తొందరపెట్టకూడదు.

పిల్లి బుసకొడితే తిట్టకండి. బుస హెచ్చరిక మాత్రమే. దాన్ని అణచివేస్తే తర్వాత హెచ్చరించకుండానే పంజా విసురుతుంది. గోరు తగిలి కుక్కపిల్ల కన్ను మూసుకున్నా, నీరు కారినా అదే రోజు వైద్యునికి చూపించండి.

కుక్కల మేత పిల్లికి అలవాటు చేయొద్దు. అందులో పిల్లికి సరిపడా టౌరిన్ అనే పోషకం ఉండకపోవచ్చు, అది తగ్గితే చూపు, గుండె దెబ్బతింటాయి. ఒకే ఇంట్లో రెండూ ఉన్నప్పుడు అసలు మరవకూడనిది ఇంకొకటి ఉంది. పిడుదులకు కుక్క వీపుపై వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లులకు విషం. ఆ మందు తడి ఆరని కుక్కపిల్లను పిల్లి రాసుకున్నా వణుకు, మూర్ఛలు వస్తాయి. రెండూ ఉన్నాయని వైద్యునికి ముందే చెప్పి, పెర్మెత్రిన్ లేని మందు రాయించుకోండి.