‘ఎన్నుకోబడి’నవారా, ఎన్నికైనవారా?

సందేహం: మా ప్రాంతం నుండి తొలి ఎన్నికల్లో గెలిచిన ఒక శాసనసభ్యుని శతజయంతి సంచిక వేస్తున్నాము. అందులో “ఆయన 1952లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభ్యునిగా ఎన్నుకోబడి, వరుసగా మూడు పర్యాయాలు, అనగా 15 సంవత్సరాలు, ప్రజాసేవ చేసి, 1967లో పదవీ విరమణ చేసినారు” అని రాశాము. ‘ఎన్నుకోబడి’ తెలుగు కాదని ఒకరు, ‘చేసినారు’ గ్రాంథికమని ఒకరు, ‘శాసనసభ్యుడు’ అనే రాయాలని మరొకరు అంటున్నారు. ఏది సరి?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ‘ఎన్నుకోబడి’ వ్యాకరణానికి విరుద్ధం కాదు. క్రియకు ‘పడు’ చేర్చి కర్మణి ప్రయోగాన్ని సాధించడాన్ని మన వ్యాకర్తలు అంగీకరించారు. అయితే వ్యాకరణం ఒప్పుకున్నదంతా నోటికి ఇంపుగా ఉండదు. ‘వానకు చేను తడిసింది’ అంటాము గాని ‘వాన చేత చేను తడపబడింది’ అని పొలం గట్టు మీద నిలబడి ఎవరూ అనరు. తడుపు–తడియు, విరుచు–విరుగు, ఓడించు–ఓడు వంటి జంటలు తెలుగులో పుష్కలంగా ఉన్నాయి కాబట్టి ‘బడు’తో మనకు పని తక్కువ. 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డి తన బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు అంటే వాక్యం నిండుగా ఉంది. ‘నాగిరెడ్డి చేత ఓడించబడ్డారు’ అంటే తర్జుమా వాసన వేస్తుంది. అదే తీరున ‘ఎన్నుకోబడ్డారు’ అనే చోట ‘ఎన్నికైనారు’ అనడం మేలు.

ఈ ‘ఎన్నిక’ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ‘ఎన్ను’ అంటే లెక్కించడం, తలచడం. దాని నుండి పుట్టిన ‘ఎన్నిక’కు పాత అర్థాలు లెక్క, గణన, గణ్యత. ఓట్లతో ప్రతినిధిని ఎంచుకోవడమనే అర్థం ఆధునిక కాలంలో దానికి అంటుకున్నది. పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘పేరెన్నికగన్న’ అన్నప్పుడల్లా దానినే వాడుతున్నాము. మీ సంచికలోని పెద్దమనిషి రెండు అర్థాలలోనూ ఎన్నికగన్నవారే అయితే, ఆ మాటను ఒక చోట వాడుకోండి, చక్కగా అమరుతుంది.

‘చేసినారు’, ‘అయినారు’ అనే రూపాలను గ్రాంథికమని తోసిపుచ్చినవారు బహుశా సీమలో ఎక్కువ కాలం ఉండలేదు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ‘వచ్చినారు, గెలిచినారు’ అని నేటికీ ఇంటింటా పలుకుతున్నారు. పత్రికల వల్ల ‘చేశారు, అయ్యారు’ ప్రమాణమయ్యాయి. అంతమాత్రాన మన రూపం తప్పు కాదు. అయితే సంచిక అంతటా ఒకే పద్ధతి పాటించాలి. మీరు ‘రాశాము’ అని ఒక చోట, ‘చేసినారు’ అని మరొక చోట రాశారు. అది మాత్రం సరిచూసుకోండి.

‘శాసనసభ సభ్యుడు’ తప్పు కాదు, పునరుక్తి మాత్రమే. ‘సభ’ శబ్దానికి ‘య’ ప్రత్యయం చేరి ‘సభ్య’ అయింది. సభలో ఉండదగినవాడు, యోగ్యుడు అని దాని అర్థం. (సభలో బల్లలు చరిచి కాగితాలు చించేవారికీ ఆ పేరే దక్కుతున్నది, అది వేరే సంగతి.) సభ్యుడిలోనే సభ ఉన్నందువల్ల ‘శాసనసభ్యుడు’ చాలు. దానిని విడదీసి ‘శాసన సభ్యుడు’ అని రాస్తే మాత్రం సమాసం చెడుతుంది. కలమళ్ళలో రేనాటి చోళుల రాతి శాసనాన్ని చూసి వచ్చిన కడప జిల్లా పిల్లవాడు, ఆ రాతికీ ఈయనకూ ఏమిటి సంబంధమని అడిగినా అడగవచ్చు. ఎగువ సభ పేరులో ‘సభ’ లేదు కనుక అక్కడ ‘శాసనమండలి సభ్యుడు’ అని పూర్తిగా రాయక తప్పదు.

మీరు అడగని తప్పులే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి. 1952లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆనాడు సీమవాసులు ఎన్నుకున్నది మద్రాసు శాసనసభకు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఆ సభ్యులే మళ్ళీ ఎన్నిక లేకుండా ఆంధ్ర శాసనసభలోకి వచ్చారు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు జరిగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించాక, 1957లో ఒక్క తెలంగాణ ప్రాంతంలోనే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర, రాయలసీమ సభ్యులు 1962 దాకా కొనసాగారు. కాబట్టి మీ నాయకుని మూడు పర్యాయాలు ఐదేసి ఏండ్లవి కావు. దాదాపు మూడు, ఏడు, ఐదు. కూడితే 15 కావడం మీ అదృష్టం. ‘పర్యాయం’ అంటే వంతు, సారి అనే గాని, ఐదేండ్లు అని కాదు.

‘వరుసగా’ మీ వాక్యంలో సరిపోయింది, కానీ ఆ మాటను అలవాటుగా వాడేస్తున్నారు. ఎన్.టి. రామారావు హిందూపురంలో 1985, 1989, 1994 ఎన్నికల్లో వరుసగా గెలిచారనడం ఒప్పు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందుల నుండి ఆరు సార్లు శాసనసభకు ఎన్నికైనా, 1985కూ 1999కీ నడుమ కడప నుండి నాలుగు సార్లు లోక్‌సభకు వెళ్ళారు గనుక ‘వరుసగా ఆరు సార్లు శాసనసభ్యుడు’ అనడం కుదరదు.

ఇక ‘పదవీ విరమణ’ ఉద్యోగికి. వయసు నిండి కొలువు చాలించడం శాసనసభ్యునికి లేదు. ఆయన పదవీకాలం ముగుస్తుంది, లేదా సభ రద్దవుతుంది, లేదా ఆయనే రాజీనామా చేస్తారు. 1967లో మీ నాయకుడు ఓడిపోయారో, పోటీ చేయలేదో మీ వాక్యం చెప్పడం లేదు. ఓడిపోయి ఉంటే దాచవలసిన పని లేదు. పోటీ చేయకపోయి ఉంటే ఇలా రాయండి: “ఆయన 1952లో మద్రాసు శాసనసభకు, 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు, 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైనారు. 1967లో పోటీ చేయలేదు.”